తలుపు కింద పెట్టిన మోకాలు

కారు తలుపు అడుగున మోకాలు ఆనించి, రెండు చేతులతో దాన్ని పైకెత్తుతున్న మనిషి ఆ తలుపుని సరిచేస్తున్నట్టా, విరగ్గొడుతున్నట్టా? దూరం నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా ఉంటాయి. దగ్గర నుంచి చూసినా అంతేనేమో. ఆ వాన పొద్దున రేవు యార్డులో మా బావ చేసింది ఏమిటన్న ప్రశ్న నన్ను ఇన్నేళ్ళుగా వదల్లేదు. ముందు ఆయన్నే అడిగాను. ఆయన పోయాక నన్ను నేను అడుగుతున్నాను. జవాబు దొరకలేదు కాబట్టి, నాకు తెలిసినంత వరకు ఆయన సంగతి రాసిపెడుతున్నాను.

బావ అంటే మా అక్క భర్త. పెళ్ళినాటికే కార్ల ఫ్యాక్టరీలో పని. మా ఊళ్ళో అప్పట్లో ఫ్యాక్టరీ అంటే అదొక్కటే, కారు అంటే అందులో తయారయ్యేదొక్కటే. బాడీకి తలుపు బిగించడం వేరేవాళ్ళ పని. బిగించిన తలుపు తన బరువుకి తనే వెంట్రుకవాసి కిందికి వాలుతుంది. వాలినదాన్ని వేస్తే రేకు రేకుకి తగిలి డబ్బా చప్పుడొస్తుంది. ఆ వాలు తీయడం బావ పని. తలుపు సగం తెరిచి, మడతబందు దగ్గర చెక్క ముక్క ఒకటి దోపి, అడుగున కుడి మోకాలు ఆనించి, ఊపిరి బిగపట్టి ఒక్క ఎత్తు ఎత్తేవాడు. తర్వాత చేత్తో నెట్టి వదిలేసేవాడు. కుదిరిన తలుపు మెత్తగా మూసుకునేది. కుదరకపోతే మళ్ళీ మోకాలు. రోజంతా అదే. ఆయన ప్యాంట్లన్నీ కుడి మోకాలి దగ్గరే చిరిగేవి. 'ఈయన బట్టలకి ఒక కాలికే వయసొస్తుంది' అంటూ అక్క అక్కడే అతుకు వేసేది.

ఫ్యాక్టరీలో ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు. చేసే పనే పేరు. ఆయన పేరు తలుపులు. లైను చివర హారన్లు నొక్కి చూసే ఆయన స్నేహితుడు హారన్. ఆ మనిషి గొంతుకి కూడా ఆ పేరు అతికినట్టు సరిపోయింది. వీధి మొదట్లో నిలబడి 'తలుపులూ' అని కేకేస్తే సగం ఇళ్ళవాళ్ళు లేచి గడియలు తీసేవారని అక్క నవ్వేది. నేను లైబ్రరీలో పనిచేసేవాణ్ణి. ఏ సెలవు రోజు వాళ్ళింటికి వెళ్ళినా చేతిలో పుస్తకం ఉండేది. బావకి అది చాలు. 'బామ్మర్దీ, ఆ అట్టకి మడతబందు సరిగ్గా లేదు, ఇటు తే, ఎత్తిపెడతాను' అనేవాడు. నేను పుస్తకం వెనక్కి దాచుకునేదాకా ఊరుకునేవాడు కాదు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. కంపెనీ పెట్టింది కాదు, పనివాళ్ళు పెట్టుకున్నది. ఫ్యాక్టరీ ముందున్న సిమెంటు ఆవరణలో మన కారే పెట్టాలి. వేరే కంపెనీ కారు ఎంత గొప్పదైనా సరే, గోడ అవతల మట్టి నేలలో ఆపి, ఎండనకా వాననకా గేటు దాకా నడిచి రావాలి. గేటు దగ్గర బావ, హారన్ వంతులు వేసుకుని నిలబడేవారు. ఒకసారి పనివాళ్ళకి కళ్ళు పరీక్ష చేయడానికి వచ్చిన డాక్టరు కారుని బావ వెనక్కి తిప్పించాడు. అప్పుడు జోరున వాన. డాక్టరు మట్టి నేలలో కారు దిగేసరికి బావ గొడుగు పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఆ గొడుగు కిందే ఆయన్ని లోపలికి నడిపించుకొచ్చాడు. ఇదేం మర్యాదయ్యా అని డాక్టరు విసుక్కుంటే, 'రూలు రూలేనండి, గొడుగు గొడుగే' అన్నాడట. ఫ్యాక్టరీలో చాలాకాలం ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు.

చైనా నుంచి వచ్చిన మొదటి కరెంటు కారు ఆ మట్టి నేలలోనే ఆగింది. మధ్యాహ్నం విరామంలో అందరూ వెళ్ళి దాని చుట్టూ మూగారు. బొమ్మలా ఉందని ఒకడు, ఇది వానొస్తే తడిసి ఆరిపోతుందని ఒకడు. దానికి చప్పుడే లేదని తెలిశాక, ఇక తన ఉద్యోగం చెక్కుచెదరదని హారన్ సంబరపడ్డాడు. చప్పుడు లేని కారుకి హారన్ రెండింతలు కావాలి కదా అని ఆయన లెక్క. బావ మాత్రం తలుపు తీసి, వేసి, మళ్ళీ తీసి, వేసి వచ్చేశాడు. సాయంత్రం నేను వెళ్తే అక్క లోపల ఉండగా నా పక్కకి జరిగి, 'తలుపు బాగుందిరా. ఎవరితోనూ అనకు' అన్నాడు.

తర్వాత జరిగింది ఒక్క రోజులో జరగలేదు. ముందు టాక్సీలవాళ్ళు కొన్నారు. పెట్రోలు బంకు ముఖం చూడక్కర్లేదు, ఫోనుకి పెట్టినట్టు రాత్రి తీగ తగిలిస్తే పొద్దునకి బండి సిద్ధం అని వాళ్ళు చెబితే అందరూ విన్నారు. తర్వాత మేష్టార్లు, నర్సులు, బట్టల కొట్టువాళ్ళు. మన కారు కొనే డబ్బుకి ఆ కారు వచ్చి ఇంకా మిగులుతుంటే వాళ్ళని ఏమనగలం? పెద్దవీధిలో మన కార్లు అమ్మే షోరూం ఒకరోజు బోర్డు మార్చేసింది. లోపల అదే సేల్స్‌మన్, అదే టై, అదే నవ్వు. ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు ఆగింది. మొదటి షిఫ్టు కూడా కుంటుతూ నడిచింది. గోడ అవతల మట్టి నేల నిండిపోయి కార్లు రోడ్డు పక్కకి పాకాయి. లోపల సిమెంటు ఆవరణలో మాత్రం ఖాళీలు కనిపించడం మొదలైంది.

ఫ్యాక్టరీకి కొనుగోళ్ళు చూసే పెద్దాఫీసరు ఒక పొద్దున ఆ కరెంటు కారులోనే తిన్నగా గేటు దాకా వచ్చాడు. వంతు బావది. ఆఫీసరు అద్దం దించలేదు. సెక్యూరిటీవాడు అడ్డకర్ర ఎత్తేశాడు. బావ వెళ్ళి కారుకి ఎదురుగా నిలబడ్డాడు. కాసేపటికి తనే పక్కకి తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నారని తర్వాత అడిగాను. 'ఇంజను గుర్రుమంటుంటే ఎదురు నిలబడొచ్చురా. అది ఆగిందో, మీదికొస్తోందో కూడా తెలీనిదానికి ఏం ఎదురు నిలబడతాం' అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

ఫ్యాక్టరీ మూతపడిన రోజున ఆఖరి కారు అంటూ ఏదీ బయటికి రాలేదు. ఏదో సరుకు అందలేదని పొద్దున్నే లైను ఆపారు, మళ్ళీ నడపలేదు. తలుపుల్లేని బాడీలు ఎక్కడివక్కడ ఉండిపోయాయి.

ఇంట్లో కూర్చున్న బావ ముందు ఇంటి తలుపులన్నీ సర్దాడు. తర్వాత కిటికీలు, అలమరలు, పక్కింటివాళ్ళ గేటు. ఆ తర్వాత సర్దడానికి ఏమీ మిగల్లేదు. బీరువా దగ్గర ఆయన మళ్ళీ మళ్ళీ నిలబడుతుంటే అక్క, 'దాన్ని వదిలేయండి, దానికేం జబ్బు లేదు' అనేది. మందులు మింగేది అక్కే కాబట్టి జబ్బు సంగతి ఆవిడకి తెలుసు. ఆ మందులు, కూరానారా, ఇంటి అద్దె, అన్నీ మా మేనకోడలి ఉద్యోగం మీదే నడిచేవి.

మేనకోడల్ని ఇంటిల్లిపాదీ పాప అనే పిలిచేవాళ్ళం. ఎంత ఎదిగినా అదే పేరు. ఫ్యాక్టరీలో తయారైన కార్లని ఊళ్ళకి పంపే ఆఫీసులో పనిచేసేది. అది మూతపడగానే, ఆ కరెంటు కార్లనే ఓడల్లో తెప్పించే కంపెనీ రేవు యార్డులో చేరింది. ఓడ వచ్చినప్పుడు ఏ డ్రైవరు ఏ వరస కార్లు దింపాలో ఏర్పాటు చేయడం ఆ అమ్మాయి పని. చేరిన రోజున బావ కంచం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాడు. అలా కొన్నాళ్ళు తండ్రీకూతుళ్ళ మధ్య అక్కే పోస్టాఫీసు. 'అమ్మా, యార్డులో డ్రైవర్లు కావాలి, నాన్న వస్తాడేమో అడుగు' అని పాప అనేది. బావ ఎదురుగానే ఉండేవాడు. అక్క ఆయన వైపు తిరిగి అదే మాట మళ్ళీ అనేది. 'ఆలోచిస్తానని చెప్పు' అని బావ అక్కకి చెప్పేవాడు. ఒకరోజు అక్కకి విసుగొచ్చి, నాకు వేరే పనుంది, మీరిద్దరూ ఎదురెదురుగా ఉన్నారు కదా, కేకలేసుకోకుండానే వినబడుతుంది అని లేచిపోయింది. ఇద్దరికీ నవ్వాగలేదు. బావ ఒప్పుకున్నాడు.

కానీ ఒక పేచీ పెట్టాడు. అక్కడ కొత్తగా చేరే ప్రతి డ్రైవరూ ఒక పూట క్లాసులో కూర్చోవాలి. కూర్చోనివాడికి స్టీరింగు ఇవ్వరు. బావ ససేమిరా అన్నాడు. 'కారు తలుపు ఎలా తియ్యాలో నాకు టీవీలో చూపిస్తారా?' పాప అప్పుడు తండ్రి ముఖం చూసిందని, చూసి మెత్తబడిందని అక్క తర్వాత చెప్పింది. 'వద్దులే నాన్నా, నేను చూసుకుంటాను' అంది. ఆ ఒక్కరోజు తండ్రి చిన్నబోకుండా ఉండాలనుకుంది. ఆయన క్లాసు విన్నట్టే పైవాళ్ళకి చెప్పి డ్రైవర్లలో కలిపేసింది.

ఓడ కడుపులోంచి కార్లు దింపడం చిత్రమైన పని అని బావ చెప్పేవాడు. ఓడ వెనక భాగం తెరుచుకుని వంతెనలా నేల మీద వాలుతుంది. లోపల అంతస్తులంతస్తులుగా కార్లు. డ్రైవర్లు వరసగా లోపలికి వెళ్ళి తలా ఒకటి తీసుకుని కిందికి దింపి, యార్డులో గీసిన గళ్ళలో పెట్టి, వ్యాను ఎక్కి మళ్ళీ ఓడలోకి పోతారు. బెల్టు బకిల్ తగిలి గీతలు పడతాయని నడుముకి గుడ్డ కట్టిస్తారు. చేతికి తొడుగులు. ఆ కార్లకి క్లచ్ ఉండదు, ఆయన ఎడమ కాలు మాత్రం దాని కోసం తడుముకునేది. 'పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు ఆ కాలుని దగ్గరికి ముడుచుకుని కూర్చోవలసి వస్తోంది బామ్మర్దీ' అనేవాడు. ఆ రోజుల్లో ఆయన మళ్ళీ పరాచికాలాడాడు. అందుకే ఆ పరాచికం గుర్తుంది.

యార్డులో ముఖ్యమైన రూలు ఒకటి. ఏ కారులోనైనా తేడా కనిపిస్తే ముట్టుకోకూడదు. అద్దం మీద నారింజ రంగు చీటీ అంటించి వదిలేయాలి. ఆ కార్ల తలుపులు తేలిక లోహంతో చేసినవి, లోపల సన్నని తీగలుంటాయి, వంచితే పనికిరాకుండా పోతాయి. ఇదంతా చెప్పేది క్లాసులోనే. అయితే మిగతా డ్రైవర్లు చీటీలు అంటించడం బావ రోజూ చూస్తూనే ఉండి ఉంటాడు. ఆయన జేబులో కూడా చీటీలు ఉండే ఉంటాయి. నేను చూడలేదు.

ఆ పొద్దున సన్నగా వాన. బావ ఒక కారు దింపి గడిలో పెట్టి దిగాడు. తలుపు వేస్తే కాస్త వాలి కూర్చుంది. మళ్ళీ తీసి వేశాడు. వ్యాను డ్రైవరు రమ్మని కేకేశాడు. బావ వినలేదు. తలుపు సగం తెరిచి, అడుగున మోకాలు ఆనించి, ఎత్తాడు. పటుక్కుమంది. బందు మొదలు దగ్గర లోహం ముడతపడింది, లోపల ఏదో తెగింది. అంతవరకు చప్పుడన్నది ఎరగని ఆ కారు గీపెట్టడం మొదలుపెట్టింది. ఎవరు ఏం నొక్కినా ఆగలేదు. తలుపు మూతపడక దారికి అడ్డొచ్చింది, కారు అడుగు కదల్లేదు. గళ్ళ మధ్య దారిలో వెనక కార్లు ఆగిపోయాయి, వంతెన మీద కార్లు ఆగిపోయాయి, ఓడే ఆగిపోయింది. యార్డంతా వచ్చి చూసింది. బావ తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడట.

తడిసిన బట్టలతోనే ఇంటికొచ్చి కూర్చున్నాడు. అక్క కబురు పెడితే నేను వెళ్ళాను. ఏం జరిగిందంటే, 'వాలి ఉంది. ఎత్తాను' అన్నాడు. అంతే. అక్క పొడి తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళాక నా వైపు చూడకుండా, 'ఎత్తేటప్పుడు బాగుందిరా. చాన్నాళ్ళకి ఒళ్ళు ఒళ్ళులా అనిపించింది' అన్నాడు. మన తలుపుకి పెట్టినంత బలమే పెట్టారా అని అడిగాను. అరచేతులు తిప్పి చూసుకున్నాడు. 'అంతే పెట్టాననుకుంటా. కాస్త ఎక్కువేనేమో.'

మర్నాడు యార్డుకి పిలిచారు. వెంట వెళ్ళమని అక్క నన్ను పంపింది. మేనేజరు చిన్నవాడే, మర్యాదస్తుడు. మాకు కుర్చీలు చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు. గదికి ఒక పక్కంతా అద్దం. అద్దం అవతల ఆఫీసులో పాప మాకు వీపు తిప్పి కూర్చుని ఉంది. మెడ వంచి ఉంది. ఆ వంపు చూస్తే ఆ అమ్మాయి పని చేయడం లేదని తెలుస్తోంది.

మేనేజరు కెమెరాలో పడిన బొమ్మ చూపించాడు. మోకాలు, చేతులు, ఎత్తడం. చప్పుడు లేదు కాబట్టి అది ఇంకెవరో చేస్తున్నట్టుంది. తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. 'పెద్దాయనా, నాకు తెలియాల్సింది ఒక్కటే. చెయ్యకూడదని తెలియక చేశారా, తెలిసి చేశారా? తెలియక చేస్తే తప్పు మీది కాదు. క్లాసు చెప్పకుండా మిమ్మల్ని స్టీరింగు మీద కూర్చోబెట్టినవాళ్ళది. వాళ్ళు రేపటి నుంచి ఇక్కడ ఉండరు. తెలిసి చేస్తే మీది.'

నాకు అర్థమైంది. బావకి నాకంటే ముందే అర్థమైంది. ఆయన అద్దంలోంచి ఆ వీపు వైపు చూశాడు. నేను చూసిన మనుషుల్లో అంత తొందరగా తేల్చుకున్నవాళ్ళు లేరు.

'తెలుసు. తెలిసే చేశాను.'

'ఎందుకు?'

'మా ఫ్యాక్టరీ మూయించారు కదా.'

మొదటి మాట పాఠం అప్పజెప్పినట్టుంది. రెండోది అలా లేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మెడ మీద నరం లేచింది. నన్ను ఇన్నేళ్ళూ తినేసింది ఆ రెండో మాటే. కూతురి కోసం అబద్ధమాడబోయి, ఆడుతూ ఆడుతూ తనకే తెలియని నిజం ఒకటి బయట పెట్టేశాడా? లేక కూతురి మీదికి రాకుండా అబద్ధానికి బలం చేకూర్చాడా? మేనేజరు నమ్మాడు. పోలీసుల దాకా పోనివ్వనని, ఇకముందు రేవులో ఏ గేటూ ఆయనకి తెరుచుకోదని చెప్పాడు. ఆ మాట కూడా మర్యాదగానే చెప్పాడు.

దారిలో నేను నోరు విప్పబోతే బావ ముందే అందుకున్నాడు. 'నువ్వు పుస్తకాలు చదివేవాడివి. కథలల్లకు. పాపతో ఒక్క ముక్క అన్నావో, అది నేరుగా వెళ్ళి నాదే తప్పని ఒప్పుకుని వచ్చేస్తుంది. అంతపనీ చేస్తుంది, నాకు తెలుసు.' నాకూ తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను.

సాయంత్రం పాప వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. బావ కుర్చీలో, అక్క గుమ్మం దగ్గర, నేను కిటికీ పక్కన. పాప అరవలేదు. అరిస్తే బాగుండేది.

'నిన్ను క్లాసుకి పంపకపోవడం నా తప్పేనని చెప్పేద్దామని పొద్దుటి నుంచీ కూర్చున్నాను నాన్నా. పోతే పోయింది ఉద్యోగం అనుకున్నాను. నువ్వేమో తెలిసే చేశానన్నావట. నేను పనిచేసే చోట. నేను తీసుకెళ్ళి నిలబెట్టిన చోట.'

పాప వచ్చి ఆయన కుర్చీ ముందు నిలబడింది.

'తెలీక చేశానని ఒక్కసారి అను. నమ్ముతాను.'

అక్క నా వైపు చూసింది. నేను బావ వైపు చూశాను. ఆయన కుడి మోకాలు చేత్తో రుద్దుకుంటున్నాడు.

'తెలిసే చేశానమ్మా' అన్నాడు.

పాప లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మళ్ళీ పోస్టాఫీసు తెరిచారు. కాకపోతే ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ మాట గది దాటి ఎలా పోయిందో గానీ పోయింది. హారన్ పాతవాళ్ళని వెంటేసుకుని వచ్చాడు. వీధి మొదటి నుంచే కేకేస్తూ వచ్చి బావని గట్టిగా వాటేసుకున్నాడు. 'ఒరేయ్ తలుపులూ, మాకెవ్వరికీ లేని గుండె నీకుందిరా. వాళ్ళ గడ్డ మీద, వాళ్ళ కెమెరా ముందు. పగలగొట్టి అదే మాట ముఖం మీద చెప్పి వచ్చావు చూడు.' ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఉద్యోగం పోయినప్పటి నుంచి ఆ మనిషి గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. బావ ఆయన వీపు నిమురుతూ ఉండిపోయాడు. అది కాదురా అంటే సంగతంతా చెప్పాలి. చెప్తే హారన్ నోట్లో ఏదీ దాగదు.

అప్పటి నుంచి బావ వీరుడయ్యాడు. మూసిన ఫ్యాక్టరీ గేటు ముందు పాతవాళ్ళు మీటింగు పెడితే ముందు వరసలో ఆయన. కెమెరాలో పడిన ఆ బొమ్మ ఎలాగో బయటికొచ్చి ఫోన్లలో తిరిగింది. టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు ఆయన్ని చూడగానే మోకాలు ఎత్తి చూపించి చప్పట్లు కొట్టేవారు. పనిలో ఉన్నన్నాళ్ళూ వాలినవాటిని నిలబెట్టినవాడు. అన్నేళ్ళలో ఎవరూ ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు. మాట్లాడమని మైకు ఇస్తే దగ్గి, నమస్కారం పెట్టి ఇచ్చేసేవాడు. వినయం చూడండి అని హారన్ మైకు అందుకునేవాడు.

తర్వాత ఊళ్ళో అక్కడక్కడ ఆ కార్ల తలుపులు విరగడం మొదలైంది. ఎవరు చేస్తున్నారో తెలియదు. తెలిసినా ఎవరూ చెప్పలేదు. మా పక్కవీధిలో ఉండే నర్సు కారు కూడా ఒక పొద్దున తలుపు వేలాడుతూ కనిపించింది. ఆవిడ ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళకి ఇంజెక్షన్లు చేసేది, మా అక్కకి కూడా. ఆ కారు కొనకముందు సైకిలు మీద తిరిగేది.

బావ విన్న వెంటనే చెక్క ముక్క పట్టుకుని బయల్దేరాడు. నేనూ వెంట నడిచాను. నర్సు గేటు లోపల నిలబడి ఆ తలుపు వైపు చూస్తోంది. చంకలో చిన్న పిల్ల. బావని చూడగానే పిల్లని గట్టిగా పట్టుకుని వెనక్కి జరిగింది. 'అమ్మా, నేను చూస్తాను, సరయ్యేదైతే సరిచేస్తాను' అన్నాడు బావ. ఆవిడ ఆయన చేతిలో చెక్క వైపు చూసింది.

'ఇంకా ఏం చేస్తారండీ? చేసింది చాలదా?'

'ఇది నేను చేసింది కాదమ్మా.'

'మీరు కాకపోతే మిమ్మల్ని చూసినవాళ్ళు చేశారు. మీ ఆవిడకి ఇంజెక్షన్ చెయ్యడానికి ఇందులోనే వచ్చాను. ఆ మాట గుర్తుంటే చాలు, వెళ్ళండి.'

లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. బావ ఆ తలుపుని ముట్టుకోలేదు. గేటు ఇవతల నుంచే కాసేపు చూసి, 'అది ఇక నిలబడదు' అన్నాడు. ఇంటికి నడుస్తుంటే చెక్క ముక్కని ఎవరిదో అరుగు మీద పెట్టేసి వచ్చేశాడు. నేను తీసుకోబోతే వద్దన్నట్టు తల ఊపాడు. ఆ రాత్రికల్లా నర్సు ఇంటి ముందు జరిగింది కూడా కథై ఊరంతా తిరిగింది. తలుపులు స్వయంగా వెళ్ళి ఆవిడకి బుద్ధి చెప్పి వచ్చాడని. హారన్ వచ్చి, వచ్చే మీటింగులో ఈ సంగతి నువ్వే నీ నోటితో చెప్పాలని మాట తీసుకుని పోయాడు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. దూరంగా ఇంకో ఊళ్ళో ఇనప బీరువాలు చేసే చిన్న షెడ్డులో బావకి పని దొరికింది. అప్పుడప్పుడు అక్కకి ఫోను చేసేవాడు. మందులు వేసుకుంటున్నావా, వాన పడుతోందా, అంతవరకే. పాప ఉద్యోగం నిలిచింది. అక్క పోయినప్పుడు బావ వచ్చాడు, ఒక మూల కూర్చుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి ఆయనా పోయాడు. ఈమధ్య పాప నన్ను అడిగింది. 'మావయ్యా, నువ్వు ఆ గదిలో ఉన్నావు కదా. నాన్న నిజంగా తెలిసే చేశాడా?' దాని తలలో కూడా తెల్ల వెంట్రుకలొచ్చాయి. తెలియదమ్మా అన్నాను. అది అబద్ధం కాదు.

మీటింగు రోజు పొద్దున నేను బస్టాపు పక్కన టీ తాగుతూ పేపరు చూస్తున్నాను. ఫ్యాక్టరీ గేటుకి పోయే బస్సులు ఆగేది మా వైపే. హారన్, ఇంకొందరు పాతవాళ్ళు అప్పటికే వచ్చి బెంచీ మీద బావకి చోటు ఉంచి కూర్చున్నారు. బావ వీధి మలుపు తిరిగి వచ్చాడు. ఉతికిన చొక్కా. పొద్దున్నే అన్నం తిన్నాడని, మీటింగుకే అన్నాడని, పాప గది ముందు కాసేపు నిలబడ్డాడని తర్వాత అక్క చెప్పింది. హారన్ లేచి కేకేశాడు. బావ తల తిప్పకుండా రోడ్డు దాటి అవతలి వైపు ఆగి ఉన్న పైఊరి బస్సు ఎక్కాడు. తప్పు బస్సెక్కాడు మహానుభావుడు, దిగి వస్తాడులే అని హారన్ నవ్వాడు. బెంచీ మీద చోటు అలాగే ఉంచారు. నేను పేపరు మడిచి రోడ్డు అంచు దాకా వెళ్ళాను. బావ కిటికీ పక్కన కూర్చుని, ముందు సీటు కమ్మీ రెండు చేతులతో పట్టుకుని, తిన్నగా ముందుకే చూస్తున్నాడు. నేను అక్కడున్నానని ఆయనకి తెలుసు. బస్సు కదిలింది.